బీరువా అడుగున రిపోర్టు

మూడు రోజులుగా ఆ ఇంట్లో తల్లీ కొడుకుల మధ్య "అన్నం పెట్టనా?" "నాకొద్దు" తప్ప వేరే మాటల్లేవు.

కిందటి వారం సంగతులు గుర్తున్నవాళ్ళకి కారణం తెలిసిందే. మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో: సామర్లకోట స్టేషన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే శశిభూషణ్‌కీ, పక్క ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పే హైమకీ ఒక్కడే కొడుకు, భానుతేజ. ఈ ఏడే పదో తరగతి పాసయ్యాడు. పాలిటెక్నిక్ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్నాడు. కాకినాడలో ఎలక్ట్రికల్ డిప్లొమా మూడేళ్ళు చదివి, ఆపైన రైల్వే పరీక్ష రాసి, హైమ తండ్రి వీరభద్రం గారిలా రైలింజను నడపాలన్నది వాడి పట్టుదల. శశిభూషణ్ "వాడి ఇష్టం" అనేశాడు. హైమ మాత్రం ఇంటర్లో ఎంపీసీ చేరమంది. ఎందుకో చెప్పదు. కాలేజీలు ఎంచుకునే వెబ్‌సైట్ తెరవాలంటే ఓటీపీ రావాలి, అది హైమ ఫోనుకే వస్తుంది. ఆ ఫోను ఆమె బొడ్లో దోపుకుని తిరుగుతోంది. గురువారంనాడు భాను దాన్ని లాక్కోబోతే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడి చెంప మీద కొట్టింది.

ఈ రోజు ఆదివారం. సాయంత్రం ఐదింటికి గడువు అయిపోతుంది.

రెండున్నర దాటింది. భాను హాల్లో బల్ల ముందు కూచున్నాడు. ఎదురుగా కొట్లో బిల్లులకి వాడే పాత ల్యాప్‌టాప్. పక్కన నోట్సు పుస్తకంలో కాలేజీల పేర్లు వరసగా రాసి ఉన్నాయి. తెర మీద 'ఓటీపీ ఎంటర్ చేయండి' అన్న గడి ఖాళీగా ఉంది. తండ్రి కొట్టుకి వెళ్ళిపోయాడు. వీధి వరండాలో తాతయ్య వీరభద్రం గారు పడక కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు, లేకపోతే పేపరు మొహం మీద వేసుకుని కునుకు తీస్తున్నారు. రెంటికీ పెద్ద తేడా ఉండదు.

లోపల గదిలో బీరువా తలుపు కిర్రుమంది. చీరలు ఎత్తిన చప్పుడు. కాసేపటికి హైమ ఒక ఖాకీ కవరు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే తన ఫోనూ పెట్టింది.

"ముందు ఇది చదువు. చదివాక కూడా నీకు ఓటీపీ కావాలంటే, నేనే చదివి వినిపిస్తాను."

భాను తల్లి మొహం వైపు చూడలేదు. కవరు తీశాడు. కాకినాడ కంటి డాక్టరుగారి కాగితం. పైన తన పేరు, వయసు పద్నాలుగు. తారీఖు కిందటి ఆగస్టుది.

"తలనొప్పి వస్తోందని తీసుకెళ్ళావే, అప్పటిదా?"

"అప్పటిదే."

"సైటు లేదన్నారుగా?"

"సైటు లేదు. కింద లైను చదువు."

చదివాడు. ఇంగ్లీషులో ఉంది. కలర్ విజన్ డిఫెక్టివ్. పక్కన బ్రాకెట్లో రెడ్, గ్రీన్. దాని కింద డాక్టరు గొలుసుకట్టు సంతకం. ఆ రోజు ఆయన ఒక పుస్తకం తెరిచి చుక్కల బొమ్మలు చూపించి, అంకెలేమైనా కనబడుతున్నాయా అని అడిగిన సంగతి వాడికి గుర్తొచ్చింది. మొదటి దాంట్లో కనబడింది. తరవాత వాటిలో చుక్కలే ఉన్నాయి. అదీ ఒక పరీక్షేనని వాడు అనుకోలేదు.

"అంటే ఏంటి?"

"నీకు కొన్ని రంగులు అందరికీ కనబడ్డట్టు కనబడవు. ఎరుపు, ఆకుపచ్చ, వాటికి దగ్గరగా ఉన్నవీ. పుట్టుకతోనే అంత. మందు లేదు, కళ్ళజోడుతో పోదు. మామూలు పనులకి ఏ అడ్డూ లేదుగానీ..." హైమ ఫోను కాస్త పక్కకి జరిపింది. "ఇంజను ఎక్కనివ్వరు భానూ. ఉద్యోగంలోకి తీసుకునేముందే ఈ టెస్టు చేస్తారు. రాతపరీక్షలో నువ్వు స్టేట్ ఫస్ట్ వచ్చినా సరే, ఇందులో తప్పితే పంపించేస్తారు."

వాడు నవ్వాడు. కోపంతో వచ్చే నవ్వు అది.

"నాకు రంగులు కనబడకపోవడం ఏంటమ్మా? నేనేమైనా గుడ్డివాణ్ణా? ఆ బకెట్ ఎరుపు. క్యాలెండర్లో ఆదివారాలు ఎరుపు. నీ చీర ఆకుపచ్చ."

హైమ ఒక్క క్షణం తన కొంగు వైపు చూసుకుంది.

"ఇది ఇటుక రంగు నాన్నా," అంది.

భాను ఆ చీర వైపే చూస్తూ ఉండిపోయాడు. వారానికోసారైనా అమ్మ ఆ చీర కట్టుకుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎవరూ దాని రంగు అడగలేదు, తనూ చెప్పలేదు.

పెరట్లో కనకాంబరం మొక్కలు గుర్తొచ్చాయి వాడికి. ఆరేళ్ళప్పటి నుంచీ పూలు కోసుకురమ్మని అమ్మ గిన్నె ఇచ్చి పంపేది. వాడు మొక్క మొక్కకీ మొహం ఆనించి, వేళ్ళతో తడిమి, నాలుగో ఐదో పూలు తెచ్చేవాడు. ఆ వెంటనే అమ్మ వెళ్ళి గిన్నెడు కోసుకొచ్చేది. "కళ్ళెదుట పూలు పెట్టుకుని ఏం చూస్తావురా? అంతా పరధ్యానం" అనేది. అది నిజమేననుకుని వాడు ఇన్నేళ్ళూ సిగ్గుపడుతూ వచ్చాడు. గ్రౌండులో గడ్డిలో పడ్డ ఎర్రబంతి అందరికన్నా ఆఖర్న కనబడేది తనకే. అదీ పరధ్యానమే అనుకున్నాడు.

అయితే తను పరధ్యానపు మనిషి కాదన్నమాట. ఆ మాట తట్టగానే ఒక్క నిమిషం ప్రాణం తేలికపడింది. మరుక్షణమే రిపోర్టు మీది తారీఖు మళ్ళీ కంటబడింది.

"ఏడాది," అన్నాడు. "ఏడాది నించీ నీకు తెలుసు."

"తెలుసు."

"నేను రోజూ ఇంజన్ల గురించి మాట్లాడుతోంటే విన్నావు. ఎంట్రన్స్ హాల్ టికెట్ ప్రింటు నువ్వే తీయించావు. ర్యాంకొస్తే స్వీట్లు పంచావు!"

"చెప్దామనే అనుకున్నాను. ఆ రోజు కాకినాడ నించి వస్తూ బస్సులోనే చెప్దామనుకున్నా. గేటు పడింది. నువ్వు కిటికీలోంచి బయటికి ఒంగి, వెళ్ళే ఇంజను నంబరు అరచేతి మీద రాసుకున్నావు. నాకు నోరు రాలేదు." హైమ కుర్చీ లాక్కుని కూచుంది. "ఎనిమిదో క్లాసులో నీకు లెక్కల్లో ఎంతొచ్చాయో గుర్తుందా? ముప్పై ఎనిమిది. లెక్కల టీచరు కొడుకువి. ఆ వేసవిలో, డ్రైవరవ్వాలంటే లెక్కలు రావాలని మీ తాతయ్య అన్నారు. అప్పణ్ణించి నేను చెప్పకుండానే కూచుని చేశావు. పదిలో తొంభై ఆరు తెచ్చుకున్నావు. మధ్యలో ఈ కాగితం నీ చేతిలో పెడితే పుస్తకం మూసేస్తావేమోనని భయపడ్డాను. పరీక్షలయ్యాక చెప్దామనుకున్నా. అయ్యాక, రిజల్టు రానీ అనుకున్నా. అలా అలా ఇంతదాకా వచ్చింది."

"అంటే మార్కుల కోసం నన్ను మోసం చేశావు."

హైమ కాదనలేదు. "అలాగే అనుకో," అంది.

ఆమె ఏడ్చి ఉంటే వాడికి తేలికగా ఉండేది. ఆమె ఏడవలేదు. పాఠం చెప్పేటప్పటిలా చేతులు బల్ల మీద పెట్టుకుని నిటారుగా కూచుంది.

భాను కాగితాన్ని రెండు మడతలు పెట్టాడు, మళ్ళీ విప్పాడు. అప్పుడు వాడికో సందు దొరికింది.

"ఇది తప్పు రిపోర్టమ్మా. పుట్టుకతో వచ్చేదన్నావుగా? ఎవరి నించి వస్తుంది? నాన్నకి లేదు. నీకు లేదు. తాతయ్య ముప్పై ఏళ్ళు ఇంజను నడిపాడు. మన ఇంట్లో ఎవరికుంది చెప్పు?"

హైమ వరండా వైపు చూసింది. ఆ చూపు వెనకే పడక కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. వీరభద్రం గారు గుమ్మంలో నిలబడ్డారు. డెబ్భై దాటిన మనిషి, పొడుగ్గా ఉంటారు. చేతిలో పేపరు మడత అలాగే ఉంది. ఆయన నిద్రపోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"దాన్ని ఏమీ అనకురా," అన్నారు. "నీకు ఉన్నది నాకూ ఉంది. ఆడపిల్లలకి బయటపడకుండా వాళ్ళ మీంచి మనవళ్ళకి వస్తుందిట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే మీ అమ్మ వచ్చి నన్నడిగింది. అప్పటిదాకా దానికీ తెలీదు."

"నీకా? నువ్వు డ్రైవరువి!"

"కాదు."

ఆయన వచ్చి సోఫా అంచున కూచున్నారు. పేపరు పక్కన పెట్టి, ఖాళీ అయిన చేతుల్ని ఏం చేయాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"నేనెప్పుడూ డ్రైవర్ని కాలేదు. తొమ్మిదేళ్ళు డ్రైవరు పక్కన చేశాను. మొదట బొగ్గింజన్ల మీద పొయ్యిలో బొగ్గేసే ఫైర్‌మన్ని, తరవాత డీజిల్ వచ్చాక అసిస్టెంటుని. ఆ తరవాత ఇరవై ఏడేళ్ళు ఇంజన్ల షెడ్డు స్టోర్సులో నట్లూ బోల్టులూ ఇచ్చాను. నీకు చెప్పిన కథల్లో ఆ తొమ్మిదేళ్ళవీ ఉన్నాయి. స్టోర్సు కిటికీ దగ్గర కూచుని డ్రైవర్లు చెప్తే విన్నవీ ఉన్నాయి. ఏవి ఏవో ఇప్పుడు నాకే సరిగ్గా తెలీదు."

గోదావరి వంతెన మీద గాలివానలో గూడ్సు దాటించిన కథ ఎవరిది? తుని దాటాక పట్టాల మీద గేదెని చూసి ఆపిన కథ ఎవరిది? అడగాలనుంది, అడగబుద్ధి కాలేదు.

"ఎందుకు మానేశావు?"

"నడుం నొప్పని అందరికీ చెప్పాను. నొప్పేం లేదు. పుష్యమాసం, తెల్లారి ఏడవుతోంది. మంచు బాగా పట్టింది. మాది గూడ్సు. డ్రైవరు రత్నమాణిక్యం గారని, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దాయన. సిగ్నల్ కనబడగానే ఇద్దరం దాని రంగు పైకి చెప్పుకోవాలి, అదీ పద్ధతి. మామూలు రోజుల్లో నాకు ఇబ్బందుండేది కాదు. ఏ దీపం ఎక్కడుంటుందో తెలుసు, రైలు సిగ్నల్లో ఎరుపు ఎప్పుడూ కిందే. ఎక్కడ వెలిగిందో చూసి రంగు చెప్పేసేవాణ్ణి. ఆ రోజు స్తంభమే కనబడలేదు. మంచులో వెలుగొకటి కనబడింది, అంతే. అది పైదో కిందదో తెలీదు. నా కంటికి పసుపులా ఉంది. పసుపు అని అరిచాను."

"అది ఎరుపా?"

"ఎరుపు. ఆయన అద్దం తుడుస్తున్నారు. నా మాట నమ్మి స్పీడు కొంచెమే తగ్గించారు. దగ్గరికొచ్చాక తలెత్తి చూసి, ఉన్న బ్రేకంతా వేశారు. బండి ఆగేసరికి ఎదురుగా, ఇదిగో ఇక్కణ్ణించి మన వీధి గేటంత దూరంలో, ప్యాసింజరు బండి ఆఖరి పెట్టె ఉంది. ఆ తలుపు దగ్గర ఒకావిడ చెంబుతో నీళ్ళు పోసి పసిపిల్ల మొహం కడుగుతోంది. తలెత్తి మా ఇంజను వైపు చూసింది. ఏదో మామూలుగా వచ్చి ఆగిందనుకుందేమో, మళ్ళీ పిల్ల మొహం కడగడం మొదలెట్టింది."

హైమ లేచి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి తండ్రికి ఇచ్చింది. ఆయన తాగలేదు, పట్టుకుని కూచున్నారు.

"రత్నమాణిక్యం గారు నన్ను ఒక్క మాటా అనలేదు. మంచు మూలంగానేలే వీరభద్రం, ఎవరికైనా అవుతుంది, అన్నారు. మంచు కాదని నాకు తెలుసు. రెండ్రోజులు తిండి సయించలేదు. మూడో రోజు నేనే వెళ్ళి ఫోర్‌మన్ గారికి చెప్పుకున్నాను, అయ్యా, నాకు రంగులు తెలీవు, అని. మళ్ళీ టెస్టు చేయించి స్టోర్సులో వేశారు. ఆ పిల్లకి ఇప్పుడు నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. ఎవరో ఏమో తెలీదు. ప్యాసింజరు బండి చూసినప్పుడల్లా గుర్తొస్తుంది."

ఆయన మనవడి వైపు చూశారు. "నువ్వు ఇంజను మీద మనసు పెట్టుకోవడం నా తప్పే. నా కథలే నిన్నిలా చేశాయి. డ్రైవరు కాకపోతే లోకం ఏమీ మునిగిపోదురా. రైల్వేలోనే వంతెనలు కట్టేవాళ్ళున్నారు, డిజైన్ చేసేవాళ్ళున్నారు. నీకు లెక్కలొచ్చు. సివిల్ చదువు, ఇంటర్ చదువు, ఏదైనా చదువు. ఇది మాత్రం వద్దు."

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. బయట స్టేషను వైపు నించి ఏదో బండి కూత వేసింది. ఎప్పుడూ అయితే అది ఏ బండో ఠక్కున చెప్పేవాడు. ఇవాళ తల కూడా తిప్పలేదు.

హైమ వాడి భుజం మీద చెయ్యి వేసింది. వాడు తోసెయ్యలేదు. అదే చాలనుకుంది ఆమె. "టీ పెట్టుకొస్తాను. ఆలోచించుకో. ఐదులోపల నువ్వేది చెప్తే అదే నింపుదాం," అని వంటింట్లోకి వెళ్ళింది.

తాతా మనవడూ మిగిలారు.

"తాతయ్యా."

"ఊఁ."

"ఉద్యోగంలో చేరేముందు నీకూ టెస్టు చేశారుగా? ఆ చుక్కల పుస్తకమే కదా?"

"ఆ పుస్తకమే."

"మరి ఎలా పాసయ్యావు?"

వీరభద్రం గారు గ్లాసు కింద పెట్టారు. ఇంత చెప్పాక ఇది మాత్రం దాచడం దేనికనిపించింది ఆయనకి. చెప్పుకుంటే మనసు తేలికపడుతోంది కూడా.

"నాకన్నా ముందు టెస్టుకెళ్ళినవాళ్ళు ఉండేవారు. వాళ్ళ చేత ఒక్కో పేజీలో ఏ అంకె ఉందో వరసగా చెప్పించుకున్నాను. పదిరోజులు వల్లించాను. మొదటి పేజీ అందరికీ కనబడుతుంది, అది గుర్తుపెట్టుకుంటే మిగతావి దాని వెనకే వచ్చేస్తాయి."

"అన్నీనా?"

"అన్నీ."

"ఇప్పుడెలా గుర్తుంటాయిలే. యాభై ఏళ్ళయింది."

"ఎందుకుండవు?" అన్నారాయన. ఆ మాటలో, ఆయనకే తెలియకుండా, కాస్త గర్వం తొంగిచూసింది. కళ్ళు మూసుకున్నారు. "పన్నెండు. ఎనిమిది. ఆరు. ఇరవై తొమ్మిది. ఏభై ఏడు. ఐదు. మూడు..."

మంత్రంలా, ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోయారు. అయ్యాక కళ్ళు తెరిచారు. మనవడు బల్ల మీదికి ఒంగి ఉన్నాడు. పెన్ను నోట్సులో కదులుతోంది.

"ఏం రాస్తున్నావురా?"

భాను తల ఎత్తలేదు. "ఏం లేదు తాతయ్యా."

అప్పుడే హైమ టీ గ్లాసులతో వచ్చింది. కొడుకు మొహంలో మూడు రోజుల బిగువు సడలి ఉండటం చూసింది. ఆమె గుండె కుదుటపడింది.

"తేల్చుకున్నావా?"

"తేల్చుకున్నాను. ఓటీపీ చెప్పమ్మా."

ఆమె ఇంకేమీ అడగలేదు. మాటిచ్చింది కనక ఫోను తీసి, కొత్తగా వచ్చిన ఆరంకెలూ ఒక్కొక్కటే చదివింది. భాను వాటిని టైపు చేశాడు. వెబ్‌సైట్ తెరుచుకుంది. ల్యాప్‌టాప్ తన వైపుకి తిప్పుకుని, నాలుగైదు నిమిషాలు ఏవేవో నొక్కాడు. ఆఖర్న ఒకసారి గట్టిగా ఊపిరి తీసి, ఒక బటను నొక్కి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అయిపోయింది. ఫ్రీజ్ చేసేశాను, ఇక మార్చడానికి లేదు."

"ఏది పెట్టావు?" అంటూ ముందుకు ఒంగింది హైమ. తెర మీద మొదటి వరసలోనే కాకినాడ కాలేజీ పేరు ఉంది. దాని పక్కన ఎలక్ట్రికల్ అని ఉంది.

ఆమె ఆ వరస రెండుసార్లు చదివింది.

"ఇంతా విన్నాక కూడానా?"

"డిప్లొమాకి కంటి టెస్టు లేదుగా అమ్మా. ఎలక్ట్రికల్ చదివినవాళ్ళందరూ ఇంజనే ఎక్కరు. మూడేళ్ళున్నాయి. అప్పుడు చూద్దాం."

మాట మర్యాదగానే ఉంది. అందులో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. అయినా హైమకి ఎక్కడో గుచ్చుకుంది. పదిహేనేళ్ళుగా పిల్లల పేపర్లు దిద్దుతున్న మనిషి. జవాబు సరిగ్గా ఉండి, లెక్క చేసిన పద్ధతి కనబడకపోతే ఆమెకి వెంటనే అనుమానం వస్తుంది. ఆమె చూపు ల్యాప్‌టాప్ మీంచి పక్కనున్న నోట్సు మీదికి జారింది. కాలేజీల పేర్ల కింద, ఇంకా సిరా మెరుస్తూ, అంకెలు నిలువుగా ఉన్నాయి.

"ఇవేంటి?"

"కాలేజీల సీరియల్ నంబర్లు," అన్నాడు భాను. పుస్తకం మూసి, చెయ్యి దాని మీద పెట్టుకున్నాడు.

సోఫా మీద వీరభద్రం గారు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. మనవడు ఆయన వైపే సూటిగా చూస్తున్నాడు. చెప్పొద్దని బతిమాలుతున్నాడో, చెప్తే ఊరుకోనని బెదిరిస్తున్నాడో తెలియని చూపు అది.

హైమ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, తండ్రి వైపు తిరిగింది.

"నాన్నగారూ, నేను వంటింట్లో ఉండగా వీడికి ఏం చెప్పారు?"